నాన్న నవ్వు, రేలంగి కాలు

మొన్న ఆఫీసులో బిల్డు ఫెయిలైంది. అంతే, రెండు నిమిషాల్లో మా టీం వాట్సాప్ గ్రూపు నిండా బ్రహ్మానందం మొహాలే. కొత్తగా చేరిన కుర్రాడొకడు మాత్రం బ్లాక్ అండ్ వైట్ బొమ్మ పెట్టాడు. పుల్లలాంటి మనిషి, కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. "ఎవర్రా ఈయన?" అనడిగితే "తెలీదన్నా, ఎక్స్‌ప్రెషన్ బాగుందని దాచుకున్నా" అన్నాడు.

హతవిధీ! రమణారెడ్డిని పట్టుకుని ఎక్స్‌ప్రెషన్ అంటాడా! ఇక అందుకున్నా. మాయాబజార్‌లో చిన్నమయ, గుండమ్మకథలో ఘంటయ్య, సినిమాల్లోకి రాకముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం, ఆయన పక్కన బొద్దుగా రేలంగి, రేలంగికి 1970లో పద్మశ్రీ... పావుగంట క్లాసు పీకాను. వాడు ఓపిగ్గా విని, "అన్నా, నువ్వు మాయాబజార్ చివరిసారి ఎప్పుడు చూశావు?" అన్నాడు.

చప్పున జవాబు రాలేదు. లెక్కేసుకుంటే 2010.

ఆ ఏడు జనవరిలో మాయాబజార్ రంగుల్లో వచ్చినప్పుడు నాన్న హాలుకి తీసుకెళ్లాడు. నాకు పన్నెండేళ్లు. నాన్నకి సినిమా మొత్తం కంఠతా. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్లిలో లక్ష్మణకుమారుడి కాలు తొక్కే సీనుంది కదా, తొక్కకముందే నాన్న నవ్వడం మొదలెట్టాడు. నేను తెర వంక కాదు, నాన్న వంక చూసి నవ్వాను. ఇన్నేళ్లుగా "రేలంగి అంటే రేలంగే" అని నేను చెప్పుకు తిరుగుతున్నదంతా ఆ అరువు నవ్వు మీదే అన్నమాట.

నాన్న పోయి రెండేళ్లయింది. ఆ సినిమా జోలికి వెళ్లకపోవడానికి తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఒక్కడినే చూస్తే నవ్వు రాకపోతే? నాన్న అంత ఇష్టంగా నా చేతిలో పెట్టింది ఉత్తిదని తేలితే?

ఆదివారం ధైర్యం చేసి కూర్చున్నా. నిజం చెప్పాలంటే మొదటి అరగంటలో రెండుసార్లు ఫోను చూసుకున్నా. చిన్నమయ శిష్యులకి పాఠం చెప్పే చోట కాస్త నవ్వొచ్చింది. ఇక పెళ్లి సీను. కాలు తొక్కినప్పుడు నవ్వు రాలేదు, ముందే తెలుసుగా. గుండె గుభేల్మంది. కానీ ఆ తర్వాత రేలంగిని చూడండి. కాలేమో విరిగేలా ఉంది, పైనేమో పెళ్లికొడుకు దర్జా వదులుకోలేడు. చుట్టూ పెద్దలు, ఎవరికి చెప్పుకోవాలి? ఆ మొహం చూసి పగలబడి నవ్వాను. పక్కన ఎవరూ లేరు. అది పూర్తిగా నా సొంత నవ్వు. తర్వాత కాస్త ఏడుపు కూడా వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

అప్పుడనిపించింది. స్టిక్కర్లో మొహం ఒక్కటే ఉంటుంది, కింద నలుగుతున్న కాలు కనపడదు. కాబట్టి కుర్రాడిది సగం జ్ఞాపకమే. మరి నాది? పేర్లు, సంవత్సరాలు, పద్మశ్రీ... నా దాంట్లో ఆ మొహం కూడా లేదు! రమణారెడ్డి పోయింది 1974లో. ఇన్నేళ్ల తర్వాత, పేరైనా తెలియకుండా, ఎవరి సిఫార్సూ లేకుండా ఆయన్ని చూసి నవ్వినవాడు నాకంటే మంచి అభిమాని కాదూ? 'ఈ కాలం పిల్లలకి ఏం తెలుసు' అనే మనలాంటి వాళ్లం ఆ మహానుభావులకి దండలు వేసి గోడకి తగిలిస్తున్నాం. వాళ్లు బతికేది గోడ మీద కాదు, మనం నవ్వినప్పుడు.

సోమవారం కుర్రాడికి సారీ చెప్పి, సినిమా మొత్తం చూడరా అన్నాను. పద్మశ్రీల గురించి మాట్లాడలేదు. ఎక్కడ నవ్వాలో కూడా చెప్పలేదు.