హెరాల్డ్ పొట్టలో ఒండ్రు

జూన్ 8, 2025, ఆదివారం

మృగశిర కార్తె వచ్చిందన్న మాటే గానీ ఎండ ఏమీ తగ్గలేదు. పొద్దున్నే మేస్త్రి వచ్చి మా పాత కారు హెరాల్డ్ బానెట్ ఎత్తాడు. మిగతా కార్లకి ఎత్తినట్టు కాదు. హెడ్‌లైట్లు, మడ్‌గార్డులతో సహా ముక్కు మొత్తం ముందుకి వాలిపోతుంది. ముందు టైరు మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చుని పని చేసుకోవచ్చు. "ఈ సుఖం ఇప్పటి బళ్లలో ఎక్కడిదండి బాబూ? చెయ్యి దూర్చాలంటేనే పురుడు పోసినంత పనండి," అన్నాడు.

పెట్రోలు వెళ్లే రబ్బరు గొట్టాలన్నీ మార్చేశాం. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. పాత రబ్బరుకి అది పడదు.

తర్వాత కిందకి దూరి ఛాసిస్ తుప్పు గీకుతూ స్క్రూడ్రైవర్‌తో ఓ చోట తట్టాడు. కన్నం పడింది. అందులోంచి బూడిద రంగు మన్ను జలజలా రాలింది. పేపరు పరిచి పట్టాం, దోసెడు పైనే ఉంది. వేళ్ల మధ్య నలిపితే గోరింటాకు పొడిలా మెత్తగా ఉంది. ఇసక రేణువన్నది లేదు.

ఎక్కడిదో వెంటనే తెలిసిపోయింది. 1986 ఆగస్టు. రాజోలులో అమ్మమ్మ వాళ్ల పెరట్లో ఉన్న కారు మూడు రోజులు స్టీరింగు దాకా వరదలో మునిగింది. నాన్నగారు ఇంజనంతా విప్పించి కడిగించారు. ఛాసిస్ గొట్టం లోపలికి ఎవరు చూస్తారు? ముప్పై తొమ్మిదేళ్లు గోదావరిని కడుపులో పెట్టుకునే తిరిగింది. నా పెళ్లికి ఊరేగింది కూడా అలాగే.

మేస్త్రి పారబోస్తానంటే వద్దని పొట్లం కట్టి అలమరలో పెట్టాను. మా ఆవిడ విబూది అనుకుంది.

జూన్ 14, శనివారం

బావ కొవ్వూరు నించి బుట్టెడు రసాలు తెచ్చాడు. రాత్రి ఏడున్నరకి, అంటే ఫ్రాన్సులో సాయంత్రం నాలుగింటికి, లె మాన్ పందెం మొదలు. ఇరవైనాలుగ్గంటలు. కారుకి ముగ్గురు డ్రైవర్లు వంతుల వారీగా నడుపుతారు. నా చూపంతా ఆస్టన్ మార్టిన్ వాల్కిరీల మీదే. పన్నెండు సిలిండర్ల ఇంజను, బ్యాటరీ సాయం లేదు. ఆ మోతకి బావ మామిడి టెంక చీకడం ఆపేశాడు.

"ఇన్ని రకాల బళ్లు కలిసి తిరుగుతుంటే ఎవడు ముందో ఎవడు వెనకో ఎలా తెలుస్తుందిరా?"

"మూడు తరగతులు బావా. ఎవరి తరగతి ఫస్టు వాళ్లదే."

"మా ఎలిమెంటరీ స్కూలు లాగా అన్నమాట." పదకొండింటికి గుర్రు పెట్టాడు. నేను రెండున్నర దాకా కూర్చున్నాను.

జూన్ 15, ఆదివారం

పసుపు రంగు ఫెరారీ, 83 నంబరుది, గెలిచింది. కంపెనీ ఎర్ర కార్లు రెండూ దాని వెనకపడ్డాయి. వాల్కిరీలు రెండూ ఆఖరి దాకా నిలబడ్డాయి, నాకది చాలు. మా ఆవిడ పొట్లంలో మన్ను మల్లె కుండీలో పోసేసింది. ఒండ్రు కదా, మొక్కకి మంచిదేనట.

జూన్ 19, గురువారం

సరిగ్గా అరవయ్యేళ్లు. 1965 జూన్ 19, అదీ లె మానే. అప్పట్లో కార్లని ఓ పక్కన ఏటవాలుగా నిలిపి, డ్రైవర్లని రోడ్డుకి అవతల నిలబెట్టేవాళ్లు. జెండా పడగానే పరిగెత్తుకొచ్చి కారెక్కి స్టార్ట్ చేసుకోవాలి. మా హెరాల్డ్‌తో అయితే చోక్ లాగి, బతిమాలి, అది రెండుసార్లు దగ్గేసరికి సగం చుట్టు అయిపోయుండేది.

51 కార్లు బయల్దేరాయి. ఫోర్డ్ జీటీలన్నీ చతికిలబడ్డాయి, ఫెరారీ సొంత జట్టుదీ అదే గతి. రిండ్ట్, గ్రెగరీ నడిపిన ప్రైవేటు ఫెరారీ గెలిచింది. మర్నాడు లెక్కకి తేలినవి పధ్నాలుగే. నేను ఆ జాబితా కింద నించి చదువుతాను. పది నించి పధ్నాలుగు దాకా అయిదూ ఇంగ్లీషు బళ్లే: రోవర్-బీఆర్‌ఎమ్ టర్బైన్ కారు, ఎమ్‌జీబీ, ఆస్టిన్-హీలీ స్ప్రైట్, అట్టడుగున రెండు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్లు. వాటి ఇంజను 1147 సీసీ. అట్టడుగువే గానీ వాటి తరగతిలో ఫస్టూ సెకండూ అవే.

స్పిట్‌ఫైర్ అంటే హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి కట్టిన బండి. మద్రాసు స్టాండర్డ్ కంపెనీ 1961 నించి మనకి అమ్మిన హెరాల్డే. రెంటికీ ఒళ్లు దిద్దినాయన ఇటలీ వాడు మిచెలోట్టి. రెంటికీ వెనక చక్రాల మధ్య అడ్డంగా ఒక్కటే కమాను కట్ట. జోరు మీద మలుపులో కాలు తీస్తే వెనక చక్రాలు మఠం వేసుకున్నట్టు లోపలికి ముడుచుకుంటాయి, బండి తిరగబడ్డా పడొచ్చు. కాలవ గట్టు మీద నాన్నగారు నలభై దాటేవారు కాదు. భయస్తుడనుకునేవాణ్ణి. అది ఆయన నడుముకి తెలిసింది, పుస్తకం చదవకుండానే. ఆ స్పిట్‌ఫైర్ డ్రైవర్లు ఇదే కమాను మీద రెండొందలు దాటించి రాత్రంతా తోలారు.

జూన్ 20, శుక్రవారం

రేపు రేపంటూ ఇన్నాళ్లు గడిపాం, ఇవాళ బావా నేనూ హెరాల్డ్‌ని తోలేశాం. తెల్లవారుజామున ఐదున్నరకి రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర బయల్దేరి, ధవళేశ్వరం, కాటన్ బ్యారేజీ మీదుగా విజ్జేశ్వరం, అక్కణ్నించి కొవ్వూరు, రోడ్ కమ్ రైల్ వంతెనెక్కి మళ్లీ రాజమండ్రి. పాతిక కిలోమీటర్ల పైమాటే. లె మాన్ చుట్టు అప్పట్లో పదమూడున్నర. అంటే మా ఒక్క చుట్టుకి వాళ్లవి దాదాపు రెండు.

బ్యారేజీ మీద గాలి బాగుంది. పులసకింకా నెల టైముందని బావ నిట్టూర్చాడు. కొవ్వూరులో ఇడ్లీ తిన్నాం, అదే మా పిట్ స్టాపు.

వంతెన నడిమధ్యలో ఇంజను రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. ముక్కు వాల్చి పెట్రోలు పంపు ముట్టుకుంటే చెయ్యి కాలింది. పెట్రోలు లోపలే ఆవిరైపోయింది. బావ భుజం మీది తువ్వాలు లాక్కుని, సీసా నీళ్లతో తడిపి పంపుకి చుట్టాను. వెనక ఆటోల హారన్లు. స్కూటీ మీద ఒకాయన ఆగి "ఆయ్, అమ్మేత్తారాండీ?" అనడిగాడు. అంతలో కింద అంతస్తులో రైలొచ్చింది. వంతెన వణికింది, వాల్చిన బానెట్ గడగడలాడింది, కన్నంలోంచి ఇంకో చిటికెడు ఒండ్రు తారు మీద రాలింది.

పది నిమిషాలకి పంపు చల్లబడింది. సెల్ఫ్ కొడితే రెండోసారికి అందుకుంది.

కోటిపల్లి బస్టాండు దగ్గరికొచ్చి గడియారం చూశాను. గంటా నలభై నిమిషాలు.

"ఇంకా ఇరవైరెండు గంటల ఇరవై నిమిషాలుంది బావా."

"ముందు నా తువ్వాలు ఇవ్వు. తర్వాత టీ చెప్పు."