మేట వేసినంతే తీయాలి

లక్సెట్టిపేట దగ్గర గోదావరిలోకి దిగితే ఇసుక ఎక్కడ తీశారో ఒకరు చూపించనక్కర్లేదు. ట్రాక్టర్లు తిరిగిన బాట రెల్లు దుబ్బుల నడుమ నుంచి వచ్చి ఒక గుంత అంచున ఆగింది. ఆ గుంత గోడను దగ్గరగా చూశాను. పైన సన్న ఇసుక, దాని కింద ముతక ఇసుక, ఆ కింద గులకరాళ్లు, అడుగున బంకమట్టి. ఎన్నో వరదలు వరుసగా వేసిపోయిన మేట అది. బంకమట్టి తేలినచోట నీళ్లు పాచిపట్టి నిలిచాయి. పక్కనే, తవ్వని ఇసుకలో మోచేతి లోతు చెలిమె తీస్తే తేటనీరు ఊరింది. నీటిని వడగట్టి దాచేదీ, ఒడ్డు బావులకు, బోర్లకు అందించేదీ ఈ ఇసుకే. దాన్ని తిరిగి తేగలిగితేనే ఈ చోటు బాగుపడినట్టు.

బాగుచేయడమంటే గుంత చదును చేసి మొక్కలు నాటడమని మనకో అలవాటైన ఆలోచన ఉంది. మెట్ట మీది గనులకు అది పనికొస్తుంది. తవ్వకం అయ్యాక ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచాలనే షరతు లీజుల్లో పెట్టమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది కూడా. కానీ నది మధ్యలో నాటిన మొక్క వానాకాలం దాటదు, తెచ్చిపోసిన మట్టి ఇసుక పని చేయదు. ఈ గుంతను పూడ్చగలిగేది గోదావరి ఒక్కటే. మరి గోదావరికి ఇసుక ఎక్కడి నుంచి రావాలి? ఎగువన 1963లో పునాదిరాయి పడిన శ్రీరాంసాగర్ ఉంది. 112 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన ఆ జలాశయం పూడికతో దాదాపు 80 టీఎంసీలకు తగ్గింది. కిందికి రావాల్సిన ఒండ్రు, ఇసుక అక్కడే ఆగిపోతున్నాయి. కడెం వాగుకూ ఆనకట్ట ఉంది. ఇక్కడికి చేరేది వరద గేట్లు దాటి వచ్చిందీ, మధ్యలోని చిన్న వాగులు తెచ్చిందీ మాత్రమే. రాబడి ఇంత తగ్గిన నదిలో పాత లెక్కన తీస్తూపోతే ఏ గుంతా పూడదు.

పెద్ద వరద వస్తే నిండుతుంది కదా అంటారు. నిండినట్టు కనిపిస్తుంది నిజమే. అయితే పైనుంచి ఇసుక రానప్పుడు వరద ఆ గుంతను ఎగువ నేలనూ ఒడ్డునూ కోసి నింపుతుంది. నష్టం చోటు మారుతుందంతే. దిగువనున్న ఎల్లంపల్లి జలాశయం వెనుక జలాల్లో పూడిక తీయడం మంచిదే కదా అన్నది ఇంకో వాదన. 20 టీఎంసీల జలాశయానికి పూడికతీత అవసరమే. కానీ ఎక్కడ, ఎంత లోతున తీయాలో జలాశయం అవసరాన్ని బట్టి తేలాలి, ఇసుక గిరాకీని బట్టి కాదు. ఇళ్లు కట్టుకునేవాళ్ల సంగతేమిటన్నది అన్నిటికన్నా గట్టి ప్రశ్న. దీనికి జవాబు ఈ ప్రాంతంలోనే ఉంది. బొగ్గు గనులు నింపడానికి ఒకప్పుడు గోదావరి ఇసుకే వాడిన సింగరేణి, ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టల నుంచి ఇసుక తీసే ప్లాంట్లు పెట్టుకుంది. రాతి ఇసుకా మార్కెట్లో ఉంది. ఫ్రాన్స్ 1994లోనే నదీ ప్రవాహమార్గంలో తవ్వకాలు నిషేధించింది. అక్కడ ఇళ్ల నిర్మాణం ఆగలేదు.

కాబట్టి బాగుచేసే పని తవ్వకముందే మొదలుకావాలి. మూడు మీటర్లకు మించి తవ్వకూడదని, ఒడ్డు నుంచి నది వెడల్పులో నాలుగోవంతు వదలాలని 2020 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఏటా ఎంత ఇసుక తిరిగి చేరుతుందో అధ్యయనం చేయకుండా పర్యావరణ అనుమతి చెల్లదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రెండింటినీ ఊరి చేతికందేలా చేయాలి. వానాకాలానికి ముందూ తర్వాతా నదీగర్భం మట్టం కొలిచి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాయాలి. మేట వేసినదాని కన్నా ఎక్కువకు రీచ్ వేలం వేయకూడదు. మేట పడని ఏడాది రీచ్ మూసేయాలి, సీనరేజీ సొమ్ములో కొంత ఒడ్డు కాపాడటానికి పోవాలి. అప్పుడు గుంతను పూడ్చే భారం తవ్వినవాళ్ల లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు ఆ భారం మోస్తున్నది ఒడ్డున బోరు ఎండిన రైతు.