ఇంకా చదువుతూనే ఉన్నాడండీ!

2023 ఆగస్టు. ఆఫీసు క్యాంటీన్‌లో భోంచేస్తుంటే తెలియని నంబర్ నుంచి ఫోన్. క్రెడిట్ కార్డు వాళ్లేమో అని కట్ చేశా. వెంటనే మళ్లీ మోగింది.

"బాబూ, మీరు ఫలానా అబ్బాయికి బీటెక్‌లో రూమ్మేటట కదా. మా అమ్మాయికి ఆ సంబంధం అనుకుంటున్నాం. ఒక మాట కనుక్కుందామని..."

అబ్బాయి బంగారం అన్నాను. నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం, ఒక్క రోజు గొడవ పడలేదన్నాను. ఆయన సంతోషించారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు.

"మరి ఇప్పుడేం చేస్తున్నట్టు బాబూ? పీహెచ్‌డీ అంటున్నారు. మాకు సరిగ్గా అర్థం కాలేదు."

అవతల మీటింగ్‌కి టైమైపోతోంది. నోటికొచ్చింది చెప్పేశా. "ఇంకా చదువుతూనే ఉన్నాడండీ. స్టైపెండ్ ఏదో వస్తుంది."

"ఎప్పటికి అయిపోతుంది?"

"అది చెప్పలేమండీ."

"సరే బాబూ" అని ఫోన్ పెట్టేశారు.

పది రోజుల తర్వాత మా అమ్మ ఫోన్‌లో చెప్పింది. మావాడి సంబంధం తప్పిపోయిందట. "27 ఏళ్లొచ్చినా ఇంకా చదువుతూనే ఉన్నాడట, ఎప్పటికి అయిపోతుందో వాళ్లకే తెలీదట" అన్నారట అటువైపు వాళ్లు. వాళ్లమ్మగారు చాలా బాధపడ్డారట. అమ్మ చెబుతుంటే నా చెవులు వేడెక్కాయి. అందులో ప్రతి మాటా నాదే.

ఈ సంగతి రెండేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు. వాడికీ చెప్పలేదు.

హాస్టల్లో మేం వాడికి పెట్టిన పేరు 'సైంటిస్టు'. వాడిది కెమికల్, నాది కంప్యూటర్ సైన్స్. ఊరు నల్గొండ జిల్లాలో. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరు. వాళ్ల నాన్నమ్మ నడుము వంగిపోయి, నేలను చూస్తూనే నడిచేదట. 2018లో బీటెక్ అయ్యాక నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరా. వాడు గేట్ రాసి ఎంటెక్‌కి, అక్కణ్నుంచి 2020లో ఓ ఐఐటీలో పీహెచ్‌డీకి వెళ్లాడు. కొవిడ్ రోజులు కదా, మొదటి సెమిస్టర్ మొత్తం ఊళ్లో డాబా మీద కూర్చుని, సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి పట్టుకుని విన్నాడు.

నేనేమో ఏడాదికోసారి "మామా, ఇంకెన్ని సెమిస్టర్లు?" అని ఏడిపించేవాణ్ని. వాడు నవ్వేసి ఊరుకునేవాడు. ఆ నవ్వుని నేను సరిగ్గా చదవలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఈ మధ్య వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "బుధవారం వైవా. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. వస్తావా?" సెలవు పెట్టి రాత్రి బస్సెక్కా. మంగళవారం సాయంత్రం వాడి హాస్టల్ గదిలో కూర్చుని, ఆ రోజు ఫోన్‌లో ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నలే నేనూ అడిగా. ఈసారి మాత్రం జవాబు పూర్తిగా విన్నా.

మొదటి ప్రశ్న: అసలు చేరడం ఎలా? ఎంటెక్ చేసినవాళ్లు, లేదా గేట్ స్కోరో, జేఆర్ఎఫ్ అర్హతో ఉన్నవాళ్లు దరఖాస్తు చేస్తారు. చాలా ఐఐటీలు ఏడాదికి రెండుసార్లు తీసుకుంటాయి. కొన్నిచోట్ల రాతపరీక్ష, దాదాపు అన్నిచోట్లా ఇంటర్వ్యూ. బీటెక్ నుంచి నేరుగా చేరే దారి కూడా చాలాచోట్ల ఉంది. మనలాంటి ఉద్యోగులకైతే కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని పార్ట్‌టైమ్‌గానో, ఎక్స్‌టర్నల్‌గానో చేసే వీలుంది. ఇది విని ఉలిక్కిపడ్డా. ఇన్నేళ్లలో ఒక్కసారైనా వెతికి చూడలేదు మరి.

రెండో ప్రశ్న: పరీక్షలుండవా? ఉంటాయి, కానీ మొదట్లోనే. చేరిన ఏడాది, ఏడాదిన్నరలో కొన్ని కోర్సులు చేయాలి. అవయ్యాక కాంప్రహెన్సివ్ పరీక్ష. నలుగురైదుగురు ప్రొఫెసర్లు ఎదురుగా కూర్చుని, ఆ సబ్జెక్టు మూలాల నుంచి ఎక్కణ్నుంచైనా అడుగుతారు. ఫెయిలైతే సాధారణంగా ఇంకొక్క అవకాశం. అదీ పోతే పీహెచ్‌డీ అక్కడితో ఆగిపోయినట్టే. "జేఈఈకి కూడా అంత భయపడలేదురా" అన్నాడు వాడు. ఆ తర్వాత, నేను చేయబోయే పని ఇదీ అని ఒక ప్రతిపాదన పెట్టి ఒప్పించాలి. గైడుతో పాటు డాక్టోరల్ కమిటీ అని ఇంకొందరు ప్రొఫెసర్లుంటారు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వాళ్ల ముందు నిలబడి, ఈ కాలంలో ఏం చేశావో చెప్పాలి. మా ఆఫీసులో అప్రైజల్ లాంటిదేగానీ, ఇక్కడ హైక్ ఉండదు.

మూడోది డబ్బు. ఆ రోజు 'స్టైపెండ్ ఏదో' అన్నానే, దాని లెక్క ఇది. వాడు చేరినప్పుడు నెలకు 31,000. రెండేళ్లయ్యాక, కమిటీ ఒప్పుకుంటే 35,000. దేశమంతా రీసెర్చ్ స్కాలర్లు పెంచమని అడిగాక, 2023 జనవరి నుంచి వర్తించేలా మొదటి రెండేళ్లకు 37,000, తర్వాత 42,000 చేశారు. మామూలుగా అయిదేళ్ల వరకు ఇస్తారు. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవాళ్లకైతే 70,000తో మొదలై 80,000 దాకా వెళుతుంది, అది కొద్దిమందికే. హాస్టల్, మెస్, ఇంటికి పంపేది అన్నీ అందులోంచే. పైగా ఊరికే ఇవ్వరు. వారానికి ఎనిమిది గంటల దాకా టీచింగ్ అసిస్టెంట్ పని ఉంటుంది. బీటెక్ పిల్లల ల్యాబ్‌లు చూడాలి, పేపర్లు దిద్దాలి. "మరి దీన్ని చదువంటారా, ఉద్యోగమంటారా నువ్వే చెప్పు" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశా.

ఇక ఆ పెద్దాయన చివర్లో అడిగిన ప్రశ్న: ఎప్పటికి అయిపోతుంది?

దీనికి వాడు వెంటనే జవాబివ్వలేదు. లేచి, అలమరలోంచి ఒక చిన్న సీసా తీశాడు. అందులో బూడిదరంగు గుళికలు. "నా మూడో సంవత్సరం ఇదే" అన్నాడు.

నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ని పట్టేసుకునే పదార్థం అది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి పనికిరావు. ఇలాంటి నీళ్లను శుభ్రం చేసే ఒక పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరే ఉంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ని అడుక్కి దించే పద్ధతి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానితో మిగిలే బురద ఎక్కువ, పటిక మోతాదు సరిగ్గా పడకపోతే ఇబ్బంది. ఇంట్లో ఫిల్టర్‌లో వేసుకునే గుళికలైతే సులువు కదా అని మావాడి ఆలోచన.

ల్యాబ్‌లో, శుభ్రమైన నీళ్లలో ఫ్లోరైడ్ కలిపి పరీక్షిస్తే గుళికలు అద్భుతంగా పనిచేశాయి. గైడు భుజం తట్టారు. తర్వాత వాళ్ల ఊరి బోరు నీళ్లు రెండు క్యాన్లలో నింపుకుని రైల్లో తెచ్చాడు. ఆ నీళ్లలో గుళికలు చేతులెత్తేశాయి. అసలు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే ఉండదు, బైకార్బొనేట్ కూడా దండిగా ఉంటుంది. ఫ్లోరైడ్ కూర్చోవాల్సిన చోటంతా అదే వెళ్లి కూర్చుంది. మళ్లీ మార్చి చేశాడు. మళ్లీ అంతే. ఎనిమిది నెలలు.

"మీకైతే బగ్ వస్తే గూగుల్ చేస్తారు. ప్రపంచంలో ఎవడికో ఒకడికి అదే బగ్ ముందే వచ్చి ఉంటుంది. నాకొచ్చిన దానికి వెతికితే ఏమీ రాదు. ఎందుకంటే ఆ జవాబు కనుక్కోవాల్సింది నేనే. అది దొరికేదాకా అయిపోదు. ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు" అన్నాడు.

"అది చెప్పలేమండీ" అని ఆ రోజు నేనూ అన్నా. మాట అదే. కానీ నేనన్నది తెలియక, వాడన్నది తెలిసి.

ఆ ఎనిమిది నెలలూ ఏవని అడిగా. 2023 జనవరి నుంచి ఆగస్టు.

నాకు గొంతు పెగల్లేదు. అయినా ఆ రాత్రి చెప్పలేకపోయా. తెల్లారితే వాడికి వైవా.

పొద్దున పది గంటలకు సెమినార్ హాల్లో ముప్పై మంది దాకా ఉన్నాం. ఇక్కడిదాకా రావడానికే పెద్ద తంతు. పేపర్లు రాయాలి. వాటిని పేరు తెలియని నిపుణులు నెలల తరబడి చదివి, తప్పులు పట్టి, తిప్పి పంపుతారు. తర్వాత చేసిన పనంతా కమిటీ ముందు సినాప్సిస్‌గా పెట్టాలి. ఆపైన థీసిస్. దాన్ని బయటి పరీక్షకులకు పంపుతారు. మావాడిది మన దేశంలో ఒకరికి, విదేశంలో ఒకరికి వెళ్లింది. నాలుగు నెలలకు రిపోర్టులొచ్చాయి. అప్పుడు గానీ ఈ వైవా లేదు. పేర్లూ వరసా ఒక్కో సంస్థలో కాస్త తేడాగా ఉంటాయి. జేఎన్‌టీయూ లాంటి యూనివర్సిటీలకు యూజీసీ నిబంధనలుంటాయి: కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠంగా ఆరేళ్లు. ఐఐటీలకు వాటి సెనేట్ పెట్టుకున్న రూల్స్. దారి మాత్రం దాదాపు ఇదే.

నలభై అయిదు నిమిషాలు మాట్లాడాడు మావాడు. నాకు సగం అర్థమైంది. తర్వాత పరీక్షకుడు సూటిగా అడిగారు. "మీ పదార్థం బోరు నీళ్లలో ఏడాది పాటు పనిచేస్తుందా?"

"చేయదు సార్" అన్నాడు వాడు.

హాలంతా నిశ్శబ్దం. నాకు చెమటలు పట్టాయి. మన ఇంటర్వ్యూల్లో రానిదాన్ని కూడా వచ్చనే చెప్పడం అలవాటు కదా. వీడు ఎన్నిసార్లు వాడాక బలహీనపడుతుందో గ్రాఫ్ చూపించాడు. ఎందుకు పడుతుందో చెప్పాడు. నీళ్లలో బైకార్బొనేట్ ఎంతుంటే గుళికలు ఎన్నాళ్లు నిలుస్తాయో ముందే లెక్కకట్టే సూత్రం ఒకటి కనుక్కున్నాడట. థీసిస్‌లో అసలు సరుకు అదేనట. ఫెయిలైన ఎనిమిది నెలల్లోంచి వచ్చింది. పరీక్షకుడు తలూపి, ఏదో రాసుకున్నారు.

మమ్మల్నందర్నీ బయటికి పంపారు. పావుగంట తర్వాత తలుపు తీసి, గైడు వాడి పేరుకి ముందు 'డాక్టర్' తగిలించి పిలిచారు. వాడు ఫోన్ తీసి వాళ్ల నాన్నకి చేశాడు. "అయిపోయింది నాన్నా" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

సాయంత్రం క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్పేశా. ఆ ఫోన్, నేనన్న మాట, అంతా. వాడు నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. గ్లాసు కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"ఆ నెల ఆయన నాకే ఫోన్ చేసి ఏం చేస్తున్నావు బాబూ అని అడిగినా, నా దగ్గరా జవాబు లేదురా. మానేద్దామనుకుంటున్నా అప్పుడు. నీకు చెప్దామని రెండుసార్లు ఫోన్ తీశా. ఎత్తగానే ఇంకెన్ని సెమిస్టర్లు అంటావని పెట్టేశా."

సంబంధం తప్పిందన్న దానికంటే ఈ మాట ఎక్కువ గుచ్చుకుంది. సారీ చెప్పా. "సర్లే" అన్నాడు. టీ చల్లారిపోయింది. ఇంకో రెండు చెప్పాడు.

మీ ఫ్రెండ్స్‌లో, చుట్టాల్లో ఎవరో ఒకరు పీహెచ్‌డీ చేస్తూనే ఉంటారు. "ఎప్పుడైపోతుంది?" అనొద్దు. "ఇప్పుడు దేనిమీద పనిచేస్తున్నావు?" అని అడగండి. అర్థం కాకపోయినా పది నిమిషాలు వినండి. ఇక మీరే చేరాలనుకుంటే మావాడు చెప్పిన మాట ఒకటి: సంస్థ పేరు కంటే గైడు ముఖ్యం. చేరేముందు ఆ ల్యాబ్‌లో ఉన్న సీనియర్లతో మాట్లాడండి. వాళ్లకి ఎన్నేళ్లు పట్టిందో, గైడు వారానికి ఎంతసేపు కూర్చుంటారో, పని ఆగిపోయినప్పుడు ఎలా మాట్లాడతారో అడగండి.

పోయిన వారం మళ్లీ తెలియని నంబర్ నుంచి ఫోన్. ఇంకో సంబంధం. ఈసారి మీటింగ్ వదిలేసి బయటికొచ్చా. చేరడం దగ్గర్నుంచి వైవా దాకా, బోరు నీళ్ల క్యాన్లతో సహా, ఇరవై నిమిషాలు చెప్పా. వచ్చే జనవరిలో జర్మనీలో పోస్ట్‌డాక్‌గా చేరుతున్నాడని కూడా చెప్పా. అవతల పెద్దాయన ఓపిగ్గా విన్నారు.

"అంటే బాబూ... ఇంకా చదువుతూనే ఉన్నట్టా?"

"కాదండీ, పని చేస్తున్నాడు" అన్నాను. "అయిదేళ్లుగా చేస్తూనే ఉన్నాడు."