తమ్ముడు సున్నుండ తినలేదు

మా ఇంట్లో ఇద్దరికి షుగరు. ఒకరు మావారు. యాభై రెండేళ్లు, కాస్త బొజ్జ. రెండోవాడు పైవాటాలో ఉండే మా తమ్ముడు. ముప్పై ఎనిమిదేళ్లు, ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు.

ఇద్దరికీ ఒకటే పథ్యం. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం అన్నం తగ్గించి కూర ఎక్కువ, రాత్రి రెండు పుల్కాలు. మాత్రలూ ఒకటే, మెట్‌ఫార్మిన్. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో మావారిది తొమ్మిది నుంచి ఏడుకు దిగింది. తమ్ముడిది తొమ్మిది నుంచి పదకొండుకు ఎక్కింది.

ఇంకేముంది, వీడు దొంగతిండి తింటున్నాడనుకున్నాను. సంక్రాంతికి అమ్మ పంపిన సున్నుండల్ని లెక్కపెట్టి మరీ డబ్బాలో పెట్టాను. నాలుగు తగ్గాయి. ‘‘నీ ఒంటి మీద నీకే శ్రద్ధ లేకపోతే మేమేం చేస్తాంరా!’’ అని మరదలి ముందే కడిగేశాను. వాడు మారు మాట్లాడలేదు. కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ నాలుగూ మా చిన్నది బడికి పట్టుకెళ్లి స్నేహితులకు పంచిందని తర్వాత తెలిసింది.

మరో రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు. ఈసారి చూసిన డాక్టరమ్మ, ‘‘సన్నగా ఉన్నారు, ఇంకా తగ్గుతున్నారు. ఇది అందరికీ వచ్చే షుగరు కాకపోవచ్చు’’ అంటూ రెండు రక్తపరీక్షలు రాసింది. ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో సి-పెప్టైడ్ పరీక్ష చెబుతుంది. రక్షణ వ్యవస్థ పొరబడి ఆ ఇన్సులిన్ కణాలమీదే దాడి చేస్తోందేమో జీఏడీ యాంటీబాడీ పరీక్ష చెబుతుంది. మొదటిది బాగా తక్కువ. రెండోది పాజిటివ్.

దాని పేరు లాడా అట. పెద్దయ్యాక నెమ్మదిగా ముదిరే టైప్-1 లాంటి మధుమేహం. మొదట్లో అచ్చం టైప్-2లాగే ఉంటుంది, కొన్నాళ్లు మాత్రలకు లొంగుతుంది కూడా. మావారి ఒంట్లో ఇన్సులిన్ ఉంది, సరిగ్గా పనిచేయట్లేదు. తమ్ముడి ఒంట్లో ఇన్సులినే అడుగంటింది. ట్యాంకులో నీళ్లుండి కుళాయికి రాకపోవడం వేరు, బోరే ఎండిపోవడం వేరు. ఎండిన బోరుకు పథ్యం ఏం చేస్తుంది?

అప్పట్నుంచీ ఈ విషయం ఎక్కడ కనిపించినా చదువుతున్నాను. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు తొమ్మిది వేలమంది కొత్త రోగుల వివరాలు పరిశీలించి, పెద్దల మధుమేహాన్ని 2018లో అయిదు రకాలుగా విడదీశారు. ఒక రకంలో కిడ్నీలకు ముప్పు ఎక్కువ, ఇంకో రకంలో కళ్లకు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ పరిశోధకులు 2020లో మనదేశంలోని 19 వేలమందికి పైగా టైప్-2 రోగుల్ని పరిశీలించి నాలుగు రకాలు చెప్పారు. ఇన్సులిన్ చాలకా, ఉన్నది పనిచేయకా రెండువిధాలా దెబ్బతినేది అందులో ఒకటి.

సన్నగా ఉన్నవాళ్లందరిదీ లాడా కాదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ 2004లో తమనే ఉదాహరణగా చూపించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ సమానమే. కానీ ఒంట్లో కొవ్వు లండన్ ఆయనకు 9.1 శాతం, మన పుణె ఆయనకు 21.2 శాతం! చూపుకి సన్నగా ఉన్నా లోపల కొవ్వు దాక్కోవచ్చన్నమాట.

అందుకే ఎంత జాగ్రత్తపడ్డా షుగరు తగ్గని మనిషిని ‘ఏం తిన్నావ్?’ అని నిలదీయకండి. ‘ఇది ఏ రకం షుగరండీ?’ అని డాక్టరును అడగండి.

తమ్ముడు ఇప్పుడు రోజూ ఇన్సులిన్ తీసుకుంటున్నాడు. మళ్లీ కాస్త ఒళ్లుపట్టాడు. మొన్న సంక్రాంతికి సున్నుండల డబ్బా వాడి ముందే తెరిచాను. ‘‘లెక్కపెట్టావా అక్కా?’’ అన్నాడు నవ్వుతూ.

నాకు మాత్రం నవ్వు రాలేదు.