పర్సీ జాక్సన్ లేపాక్షికి వస్తే..

హిందూపురం నుంచి లేపాక్షికి పదిహేను కిలోమీటర్లు. దారి పొడవునా ఎర్రమట్టి, చింతచెట్లు, ఎవరో తీరిగ్గా పేర్చి మర్చిపోయినట్టుండే గుండ్రాళ్ల గుట్టలు. బ్యాగులో నీళ్ల బాటిల్, టోపీతో పాటు ‘ద లైట్నింగ్ థీఫ్’ కూడా పెట్టుకున్నా. పర్సీ జాక్సన్ మొదటి పుస్తకం. మీలో చాలామంది సినిమానో, 2023 చివర్లో మొదలైన సిరీసో చూసే ఉంటారు. గుడికి వెళ్తూ గ్రీకు దేవుళ్ల పుస్తకం ఎందుకంటారా? చెప్తా.

ఈ కథ పుట్టింది ఒక ఇంట్లో, పిల్లాడు పడుకునే టైంలో. రిక్ రయర్డన్ అమెరికాలో స్కూల్ టీచర్. కొడుకుకి అక్షరాలు కుదురుగా కనపడవు, క్లాసులో కుదురుగా కూర్చోలేడు. డాక్టర్లు డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ అన్నారు. వాడికి ఇష్టమైనవి గ్రీకు పురాణాలే. రోజూ రాత్రి చెప్పీ చెప్పీ కథలన్నీ అయిపోయాయి. కొత్తది చెప్పమన్నాడు కొడుకు. అప్పుడు తయారైనవాడే పన్నెండేళ్ల పర్సీ. వాడికీ అక్షరాలు ఈదుతుంటాయి. కారణం ఏంటంటే, వాడి బుర్ర ప్రాచీన గ్రీకు కోసం తయారైందట! ఏ తండ్రైనా కొడుక్కి ఇంతకంటే మంచి అబద్ధం చెప్పగలడా? పుస్తకం 2005లో వచ్చింది.

అందులో నాకు నచ్చిన ట్రిక్ ఒకటుంది. రయర్డన్ దేవుళ్లకి ఇవాళ్టి అడ్రస్‌లు ఇచ్చాడు. ఒలింపస్ ఎక్కడుంది? న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 600వ అంతస్తులో. పాతాళానికి దారి లాస్ ఏంజెలెస్‌లోని ఒక రికార్డింగ్ స్టూడియోలోంచి. మెడూసా న్యూజెర్సీ రోడ్డు పక్కన తోట బొమ్మలు అమ్ముకుంటూ ఉంటుంది. లేపాక్షికి అలా అడ్రస్ వెతకాల్సిన పని లేదు. రామాయణం ఇక్కడ ఎప్పుడో కాపురం పెట్టేసింది. రావణుడు రెక్క నరికితే జటాయువు పడింది ఇక్కడే అంటారు. రాముడు ‘లే పక్షీ’ అన్నాడు, అదే ఊరి పేరైందట. ఊళ్లో గుట్ట మీద పెద్ద జటాయువు బొమ్మ కూడా పెట్టారు.

గుడి 16వ శతాబ్దంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు తాబేలు ఆకారంలో ఉన్న గుట్ట మీద కట్టించారు. లోపల దేవుడు వీరభద్రుడు, శివుడి జటలోంచి పుట్టినవాడు. దక్షుడి తల నరికింది ఆయనే. తర్వాత దక్షుడికి మేక తల పెట్టారు. పర్సీ ఫ్రెండ్ గ్రోవర్‌కి నడుం కింద మేక, మన దక్షుడికి మెడ పైన మేక. ఇద్దర్నీ కలిపితే ఒక పూర్తి మేక వస్తుంది. నాట్యమండపం స్తంభం మీద మూడు కాళ్ల భృంగి మహర్షి కూడా ఉన్నాడు. రయర్డన్ చూస్తే వదిలిపెట్టడు.

వేలాడే స్తంభం దగ్గర ఎప్పటిలాగే సెల్ఫీల జాతర. అక్కడే తగిలాడు ఓ పిల్లాడు. ‘అన్నా, గుడ్డ ఉంటే ఇయ్యి, కింద దూర్చి సూపిస్తా’ అన్నాడు. కర్చీఫ్ ఇచ్చా. ఈ పక్క నుంచి ఆ పక్కకి లాగేశాడు. ఏడో తరగతి అట. పర్సీ వయసే. ఆదివారాలు వచ్చినవాళ్లకి గుడి చూపిస్తాడు. ‘డబ్బులు అడగను, ఇస్తే తీసుకుంటా’ అన్నాడు. బేరం నచ్చింది.

నిజం చెప్పాలంటే స్తంభం నాకంత గొప్పగా అనిపించలేదు. అసలు సంగతి గుడి వెనకాల ఉంది. ఒకే బండలో చెక్కిన ఏడు పడగల నాగలింగం. శిల్పులు అన్నానికి కూర్చుందామని వచ్చారు, అమ్మ వంట ఇంకా కాలేదు. ఆ కాసేపట్లో దీన్ని చెక్కి పడేశారట. వంట ముగించి వచ్చిన అమ్మ చూసి నోరు తెరిచింది, దిష్టి తగిలి రాయి పగిలింది. పగుళ్లు చూపించాడు పిల్లాడు. మెడూసా చూస్తే మనిషి రాయవుతాడు. మన దగ్గర అమ్మ చూస్తే రాయే పగిలింది. నా ఓటు అమ్మకే.

అక్కణ్నుంచి సీత పాదం దగ్గరికి తీసుకెళ్లాడు. బండ మీద మనిషి పాదానికి చాలా రెట్లున్న అడుగు. అందులో తడి. జటాయువు దాహం తీర్చడానికి సీతమ్మ పెట్టిన అడుగట. ‘ఇది యెప్పుడూ ఎండదన్నా. మా ఊర్లో బోరు ఎండింది గానీ, ఇది ఎండల్యా.’

ఇక్కడ కాసేపు ఆగాలనిపించింది. పర్సీ సముద్రదేవుడు పొసైడన్ కొడుకు. వాడి బలమంతా నీళ్లలోనే. చేయి నీటికి తగిలితే చాలు, గాయాలు మానిపోతాయి. అలాంటివాణ్ని తెచ్చి ఇక్కడ వదిలితే? 2022లో ఈ ప్రాంతం శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లినా జనం నోట్లో ఇంకా అనంతపురం జిల్లానే. ఇక్కడ ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ టైముకి పడదు. పశ్చిమ కనుమలు నైరుతి మబ్బుల్ని అవతలే ఆపేస్తాయి, బంగాళాఖాతం వాన ఇంత దూరం వచ్చేసరికి నీరసించిపోతుంది. పెన్నా ఇటుగానే పోతుంది గానీ, ఎక్కువ కాలం కనిపించేది ఇసకే. అందుకే ఇంతమంది దేవుళ్లున్న గుడిలో ఈ ఊరి జనం గొప్పగా చూపించే అద్భుతం ఒక తడి అడుగు. కోనసీమలో ఇదే అడుగుంటే ఎవడైనా తిరిగి చూస్తాడా?

శనక్కాయ పంట పోతే ఇక్కడివాళ్లకి దారి బెంగళూరే. నూట ఇరవై కిలోమీటర్లు. పిల్లాడి కథా అదే. ‘అమ్మానాయన బిల్డింగు పనికి పోయినారు. నేను అవ్వతో ఉంటా. ఉగాదికి వచ్చి పోయినారు.’

బ్యాగులోంచి పుస్తకం తీసి పర్సీ కథ చెప్పా. మెరుపు దొంగతనం, మినోటార్‌తో ఫైటింగు అన్నీ నోరు తెరుచుకుని విన్నాడు. పర్సీకి ఊహ తెలిశాక వాళ్ల నాన్న ఒక్కసారి కూడా రాలేదన్నప్పుడు మాత్రం ఆపాడు.

‘యాల రాలే?’

‘దేవుళ్లకి ఏవో రూల్స్ ఉంటాయి.’

‘ఫోనన్నా చేయొచ్చు గదా. మా నాయన ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేస్తాడు.’

పొసైడన్ తరఫున నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి రాని నాన్న కథ గ్రీకులకి చాలా పాతది. ఒడిస్సియస్ పదేళ్లు యుద్ధంలో, ఇంకో పదేళ్లు సముద్రం మీద ఉండిపోయాడు. చంటిబిడ్డగా వదిలివెళ్లిన కొడుకు మీసాలొచ్చేదాకా ఎదురుచూశాడు. ఆ కథ తెలుగు పిల్లలకి హాలీవుడ్ కంటే ముందే తెలుసు. 1947లో మొదలైన ‘చందమామ’ దాన్ని ‘రూపధరుడి యాత్రలు’ పేరుతో సీరియల్‌గా ఇచ్చింది. ట్రాయ్ కథ ‘భువనసుందరి’ అయింది. పేర్లు మార్చేసరికి ఒడిస్సియస్ మన పక్కూరివాడైపోయాడు. మీ ఇంట్లో తాతయ్యని అడగండి, ఒంటికన్ను రాక్షసుడు గుర్తుండే ఉంటాడు.

పడమటి వైపు కళ్యాణమండపం సగంలో ఆగి ఉంది. స్తంభాలున్నాయి, కప్పు లేదు. విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి తగలేశాడని రాజుకి చాడీలు వెళ్లాయట. రాజు శిక్ష వేసేలోపే తన కళ్లు తానే పీక్కుని గోడకి విసిరాడట. గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు ఇప్పటికీ చూపిస్తారు. గ్రీకు ఈడిపస్ కూడా కళ్లు పొడుచుకున్నాడు గానీ, ఆయన కారణం వేరు. ఇక్కడిది బిల్లుల గొడవ. నాకెందుకో ఇదే ఎక్కువ భయంగా అనిపించింది. పిల్లాడు మాత్రం ఆ మచ్చల మీద చేయి పెట్టి ‘ఇంత ఎత్తు నుంచి యెట్ల ఇసిరినాడో’ అని కొలతలు వేస్తున్నాడు.

2018లో రోషణి చోక్షి అనే అమెరికన్ రచయిత్రి, రయర్డన్ ప్రోత్సాహంతోనే, పాండవుల కథని అట్లాంటాలోని ఒక మ్యూజియంలో మొదలుపెట్టి ‘ఆరు షా’ నవల రాసింది. అట్లాంటా దాకా వెళ్లిన పాండవులకి అనంతపురం ఎంత దూరం? హీరో రెడీగా ఉన్నాడు. బోరెండిన ఊరు, అవ్వ, ఆదివారం వీడియో కాల్. రాసేవాళ్లెవరైనా ఉంటే నేను ప్రీ-ఆర్డర్ చేస్తా.

చివరగా నంది. గుడికి రెండొందల మీటర్ల దూరంలో, ఒకే రాయిలో, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మూపురం ఎక్కడానికి పిల్లలు ఎప్పుడూ ట్రై చేస్తూనే ఉంటారు, వాచ్‌మన్ అరుస్తూనే ఉంటాడు. నీడలో కూర్చున్నాం. పిల్లాడు అట్ట మీది బొమ్మని వేలితో రాస్తూ అడిగాడు.

‘లాస్ట్‌కన్నా వస్తాడా, వాళ్ల నాయన?’

‘రాడు. పర్సీనే వెళ్తాడు. 600వ అంతస్తుకి.’

కాసేపు ఆలోచించాడు. ‘మా నాయన పనిచేసేది పద్నాలుగో అంతస్తులో. లిఫ్టు ఇంకా పెట్టల్యాంట.’

పుస్తకం వాడికే ఇచ్చేశా. ఇంగ్లిష్ కష్టంగా ఉంటుందేమో అన్నా. ‘మా సారు ఉండాడు లే’ అని చొక్కా లోపల దూర్చుకుని, అప్పుడే బస్సు దిగిన కొత్త గుంపు వైపు పరిగెత్తాడు. వాళ్లని కర్చీఫ్ అడగాలి కదా.