జాబు రాని దినములు

పెండ్లిచూపులకు వచ్చి, కాఫీ త్రాగి, పిల్లచేత పాట పాడించుకొని, "ఇంటికి వెళ్లి కబురు చేస్తాం" అని లేచిపోయినవారు ఆ కబురు చేయకుండుట మన గృహములలో క్రొత్త గాదు. కట్నములను గూర్చి మన పత్రికలు చాల వ్రాసినవి. ఈ కబురు చేయకుండుటను గూర్చిన వ్యాసము మాత్రము మా కంట బడలేదు. కాదన్నవారి వీథిలోనైనను తలయెత్తుకొని నడువవచ్చును. ఏమియు ననని వారివలన పిల్లవారు పడు పాట్లు వేరు. ఒక నెల చూతురు, రెండు నెలలు చూతురు, మరియొక సంబంధము వచ్చినచో "ముందు వారి మాట తేలనీ" యని ఆపుదురు. ఏడాది తిరిగినపిమ్మట ఎవరు వచ్చి యెంత యడిగినను తలయూపుదురు. రచనలను ప్రకాశకులకు పంపి జాబునకై కాచుకొనియుండువారి స్థితి దీనికి మిక్కిలి చేరువగా నున్నదని మేము అనుభవమున నెరుగుదుము గావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమనగా ఇద్దరము, రామచంద్రపురమున ఒకే యింట నుండు వదినామరదళ్లము. మాలో నొకరు వ్రాయుదురు, ఒకరు గీయుదురు. పిల్లలకు బొమ్మల కథలు, అనగా ఇప్పటివారు కామిక్కులనెడి పుస్తకములు, తెలుగున సిద్ధపరుపవలెనని మూడేండ్లనుండి పూనియున్నాము. "నాలుగు బొమ్మలు, నాలుగు ముక్కలు, అంతేగదా" యని తేలికగా తలచువారు కలరు. గీయుటకు ముందు వ్రాతప్రతి యొకటి యుండవలెను. పుటకు ఎన్ని గళ్లు, ఏ గడిలో ఎవరు ఎచ్చట నిలిచిరి, పగలా రాత్రియా, ఎవరి నోట ఏ మాట, ఏ గడికి వచ్చునప్పటికి చదువరికి పుట త్రిప్పవలెనను ఆత్రము పుట్టవలెను, ఇవన్నియు అందుండవలెను. పుటకు ఆరు గళ్ల లెక్కన 32 పుటల కథకు 192 గళ్లు. ఇందులో తెలుగు వ్రాతకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. గుడులు, ఏత్వములు అక్షరము నెత్తిన నెక్కును. ఒత్తులు కాళ్లక్రింద వ్రేలును. పంక్తికిని పంక్తికిని నడుమ చోటు విడువనిచో పైపంక్తి ఒత్తు క్రిందిపంక్తి గుడితో కొట్లాడును. ఆంగ్లమునకు సరిపోయిన మాటల బుడగలో దాని తెలుగును క్రుక్కినచో అక్షరములు చీమలబారువలె నగుట ఇందుచేతనే. మొదటనే తెలుగున తలచి, ఒక్కొక్క బుడగకు పదిమాటలు మించకుండ వ్రాయుట అలవడుటకు మాకొక యేడు పట్టినది.

మా మొదటి కథ మా యూరి రైలును గూర్చినది. కాకినాడనుండి మా యూరిమీదుగా కోటిపల్లికి 1928లో వేసిన 45 కిలోమీటర్ల దారిని 1940లో యుద్ధపు టవసరములకై పెరికివేసిరి. 2004లో మరల కమ్మీలు పరచిరి. నడుమ 64 ఏండ్లు గడచినవి. చిన్ననాడు ఆ రైలెక్కి కోటిపల్లి రేవునకు స్నానమునకు పోయిన ముసలమ్మయొకతె మనుమరాలికి దానిని గూర్చి చెప్పుట కథ. లేని రైలును బొమ్మలలో చూపుట యెట్లని మేము నెలనాళ్లు తర్జనభర్జన పడి, పెరికిన దారివెంట గడ్డిబండ్లు పోవుచుండగా వాని నీడలు మాత్రము రైలుపెట్టెలవలె పడినట్లు చూపితిమి. ఆ బొమ్మయన్నచో మాకిప్పటికిని ప్రీతి.

దీనిని మాదిరిబొమ్మలతో ఒక సంస్థకు మెయిలున పంపితిమి. మరుక్షణమే "మీ రచన అందినది" అని యంత్రము బదులిచ్చినది. ఆ యంత్రము తప్ప ఆ సంస్థలో మరెవ్వరును మాతో మాటలాడలేదు. రెండవ కథ కాగితముపైననే కావలెనని మరియొకరనగా టపాలో పంపితిమి. పూర్వము రిజిస్టరు చేసినచో చేరినట్లు సంతకముతో చిన్న కార్డు తిరిగివచ్చెడిది. ఆ రిజిస్టరు టపాను 2025లో స్పీడుపోస్టులో కలిపివేసిరి. ఇప్పుడు కవరు ఏ గంటకు చేరినదో ఫోనులో కనబడును. విప్పిరో లేదో కనబడదు. పాతపత్రికలవారు తిరుగుటపాకు తగిన బిళ్లలు జతపరుపుడని యడిగెడివారు. కాదనుటకైనను వారొక దారి యుంచుకొనిరన్నమాట.

ఇంటిలో దినములు గడచు తీరు చెప్పవలెను. మాలో నొకరికి అత్తగారును, ఒకరికి అమ్మయునైన మా పెద్దావిడ ప్రతి శుక్రవారము "ఏమర్రా, మీ పుస్తకాలాయన ఏమన్నా పలికాడా?" అని యడుగుదురు. ఆమె యడుగుటలో ఎకసెక్కెము లేదు, ఆదుర్దాయే. మాలో చిన్నదానికి సంబంధములు చూచుచున్నారు. అటువారి జాబులును, ప్రకాశకుల జాబులును రావలసినది ఒకే ఫోనునకు. అది మ్రోగినప్పుడు ఆమె ఒక గదినుండియు మేమొక గదినుండియు పరుగెత్తుదుము. తీరా చూడగా ఎవరో బ్యాంకు అప్పు కావలెనా యని యడుగుచుందురు. బొమ్మలు గీయు పలకను వాయిదాలపై కొన్నాము. ఆ వాయిదా మాత్రము ఏ నెలయు తప్పక జాబువలె వచ్చుచునే యున్నది. బంధువులు వచ్చి "అమ్మాయి ఏం చేస్తోంది?" అన్నచో, కాకినాడలో పట్టము పుచ్చుకొని వచ్చినదని చెప్పి, తరువాతి మాటకు మా పెద్దావిడ తడుముకొందురు. వెల పలుకనంతవరకు ఆడువారి పని పని గాదను తలపు మన చదువుకొన్న యిండ్లలోను పోలేదు. మగవాడు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టి యేడాది కూర్చుండిన "ప్రయత్నంలో ఉన్నాడు" అందురు గదా!

ప్రకాశకులకు కష్టములు లేవని మేమనము. రంగులలో అచ్చువేయుట ఖర్చుతో గూడినది, కొనువారు తక్కువ. 1947 జూలైలో మదరాసున నాగిరెడ్డి, చక్రపాణిగారలు నెలకొల్పిన చందమామయే 2013 నాటికి ఆగిపోయినది. పిఠాపురమున పుట్టి డుంబును గీసిన బుజ్జాయిగారివంటి వారున్న భాషయైనను, నేడు బొమ్మల కథలను తెలుగున వేయు చోట్లు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వచ్చినవన్నియు చదువుటకు ఒక్క సంపాదకుడే యుండవచ్చును. కాని "ఇది మాకు తగదు" అని వ్రాయుటకు పట్టు కాలమెంత? ఆ మూడు మాటలు వచ్చినచో ఆ రాత్రి అన్నము సహింపదు. మరునాడు ప్రతిని వేరొకచోటికి పంపవచ్చును.

మౌనమువలన కలుగు అసలు నష్టము మనోవ్యథ గాదని మా యభిప్రాయము. కాచుకొని కాచుకొని యున్నవాని చేయి సంతకమునకు త్వరపడును. అమెరికాలో క్లీవ్‌లండు పట్టణపు కుఱ్ఱవాండ్రు జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనువారు 1933లో సూపర్‌మాన్ అను పాత్రను కల్పించిరి. ఒకడు వ్రాయును, ఒకడు గీయును. ఏండ్ల తరబడి దానిని వారివద్దకును వీరివద్దకును పంపి, కాదనిపించుకొని, తుదకు 1938లో 13 పుటల కథతోపాటు సర్వహక్కులను 130 డాలర్లకు వ్రాసియిచ్చిరి. పుటకు పది డాలర్లు. ఆ బొమ్మవలన ఇతరులు కోట్లు గడించిరి. వీరికి 1975లో, ఇద్దరును అరువదియొక్క యేండ్లవారైనపిమ్మట, ఏటికి 20,000 డాలర్ల భరణమును, కథపై తమ పేరును దక్కినవి. పేరు మాటకు మన యింటనే యుదాహరణ మున్నది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారు వ్రాసిన ధారావాహికలపై ఆయన పేరుండెడిది కాదు. ఆయన అచ్చటి ఉద్యోగి, అది ఆ పత్రిక పద్ధతి, నిజమే. ఐనను ఎవరు వ్రాసిరో యెరుగకయే ఎందరు పిల్లలు ఆ కథలతో పెరిగిరి!

మా సంగతికి వత్తము. మొదటి కథను అయిదు నెలలు చూచి వేరొకచోటికిని పంపియుంటిమి. పంపిన పదునొకండవ నెలలో అచ్చటినుండి జాబు వచ్చినది. కథ నచ్చినది, కొంత సొమ్ము ఒక్కమారుగా నిత్తురు. బదులుగా అన్ని భాషలలోను, సినిమాతో సహా, ఎల్లకాలమునకును హక్కులు వారివి. అట్టపై మా పేర్ల ప్రసక్తి లేదు. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. మా పెద్దావిడ దేవునియెదుట దీపము వెలిగించి, "ముందు ఒప్పేసుకోండి, పేరుదేముంది, తర్వాత వేస్తార్లే" అన్నారు. నిజము చెప్పవలెనన్న ఆ పూట మాకును అట్లే తోచినది. ఈ జాబే మొదటినెలలో వచ్చియున్నచో నవ్వి ప్రక్కన బెట్టెడివారము.

ఆ రాత్రి 1957 నాటి కాపీరైటు చట్టమును ముందు వేసికొని కూర్చుంటిమి. వ్రాతప్రతిని పంపినంతమాత్రమున హక్కు పోదు. వ్రాసి సంతకము చేసిననే పోవును. కాలమింతయని పత్రమున లేనిచో అయిదేండ్లుగా ఎంచవలెను. ఏ దేశమునకో చెప్పనిచో భారతదేశమునకు మాత్రమే. పత్రమున వేరుగా లేనిచో, కొన్నవారు హక్కును ఒక యేడాదిలోగా వినియోగింపకున్నను అది తిరిగివచ్చును. మన కులస్త్రీలకు నగల తూకము తెలిసినంతగా ఈ లెక్కయు తెలిసియుండిన బాగుండును. మేము అడిగినవి మూడు: అట్టపై ఇద్దరి పేర్లు, తెలుగునకు మాత్రమే హక్కు, అయిదేండ్ల గడువు. సొమ్ము పెంచుమని యడుగలేదు. ఆ జాబును పంపునప్పుడు చిన్నదాని చేయి వణకినది. పలక వాయిదాలు ఇంకను ఏడున్నవి.

తొమ్మిది వారములైనది. అటునుండి పలుకు లేదు. ఇంటిలో మమ్ము తప్పుపట్టువారును, మాపక్షమువారును సమానముగా నున్నారు. పెద్దావిడ ఏ పక్షమో యింకను చెప్పలేదు గాని, మొన్న వచ్చిన బంధువులతో "మా పిల్ల బొమ్మల కథలు గీస్తుంది" అని తడుముకొనకుండ చెప్పగా ఇద్దరమును వింటిమి. ఆ కథనే మొన్నటి సోమవారము మూడవచోటికి పంపితిమి. మూడు నెలలలో జాబు రానిచో వేరొకరికి పంపుదుమని ఈమారు మేమే క్రింద వ్రాసి, తేదీని గోడ క్యాలెండరున చుట్టియుంచితిమి.