అద్దంలోని ముఖం, మనసులోని ముఖం

అద్దంలో ఒకలా, ఫోటోలో మరొకలా కనిపిస్తున్నానని అననివారు మనలో అరుదు. అది భ్రమ కాదు. అద్దం మన కుడిచెంపను మన కుడివైపే చూపిస్తుంది. ఫోటోలో అది ఎడమవైపుకు వస్తుంది. ఎదుటివారు మనల్ని చూసేది అలాగే. 1977లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పరిశోధకులు కొందరు స్త్రీలకు వారి ఫోటోను రెండు విధాలుగా అచ్చువేసి చూపించారు. ఎక్కువమంది అద్దంలో కనిపించే విధంగా ఉన్నదానినే ఇష్టపడ్డారు. వారి స్నేహితులకు మాత్రం రెండవది నచ్చింది. అలవాటైన ముఖమే ఎవరికైనా ఇష్టమన్నమాట.

మరి ఆ అలవాటైన ముఖమే మారిపోతే?

మా సంఘంలోని ఒక సహోదరికి గ్యాస్ మంటల్లో ముఖం ఒకవైపు కాలింది. తొడ చర్మం తీసి చెంపకు అతికించారు. మెల్లగా అద్దం చూసుకోవడం అలవాటు చేసుకుంది. కొన్ని నెలల తరువాత ఆధార్ కోసం తీసిన ఫోటో చూసి, "అయ్యగారూ, ఈమె ఎవరో నాకు తెలియదండీ" అంది. అద్దంలో ఒకవైపు చూసే మచ్చ ఫోటోలో రెండోవైపు కనిపించింది కదా! "ఎంత బాగా నయమైందో!" అని ఇంటివారు అంటున్నకొద్దీ ఆమె మాట తగ్గిపోయింది.

న్యూయార్కులో ప్లాస్టిక్ సర్జన్‌గా పనిచేసిన మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో వెలువడిన తన పుస్తకంలో ఇలాంటివారి గురించి వ్రాశారు. కొత్త ముఖానికి అలవాటుపడడానికి సాధారణంగా 21 రోజులైనా పడుతుందని ఆయన గమనించారు. కొందరైతే ఆపరేషనుకు ముందు, తరువాత తీసిన ఫోటోలు చూపించినా, తమ ముఖంలో ఏమీ మారలేదనేవారు. కత్తి ముఖాన్ని మార్చింది గాని మనసులోని ముఖాన్ని మార్చలేకపోయింది.

మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు డాక్టర్ హెరాల్డ్ గిల్లీస్ 1917 నుండి ఇంగ్లండులోని సిడ్‌కప్ ఆసుపత్రిలో చికిత్స చేశారు. అక్కడి వార్డుల్లో అద్దాలు ఉండనిచ్చేవారు కాదు. కాని అద్దం లేనిచోట చూడవచ్చినవారి ముఖమే అద్దమవుతుంది.

కాబట్టి ప్రియులారా, మీ ఇంట అలాంటివారుంటే అద్దం దాచకండి, ఫోటో చూడమని తొందరపెట్టకండి. "ఏమీ కాలేదు" అని కొట్టిపారేయకండి. గోడమీది పాత ఫోటో ఉంచాలో తీయాలో వారినే అడగండి. చిన్నపిల్లలు మచ్చ గురించి అడిగితే పిల్లల్ని కసరకండి. ఇష్టమైతే వారే జవాబు చెప్తారు. మాట్లాడేటప్పుడు మచ్చను కాదు, కళ్లను చూడండి. ఆ ముఖం ముందు మనకు అలవాటైతే, వారికీ అలవాటవుతుంది.